పకోడీకి ఫిట్స్ వచ్చాయి, ఎవరైనా మేలుకుని ఉన్నారా? (ఫెర్రెట్, విజయవాడ)

పటమట_పావని · రాత్రి 2:41
మా ఫెర్రెట్‌కి (చూడ్డానికి ముంగిసలా ఉండే చిన్న పెంపుడు జంతువు) ఇప్పుడే ఫిట్స్ లాంటివి వచ్చాయి. పేరు పకోడీ, మగది, నాలుగున్నరేళ్లు, కిలో రెండొందల గ్రాములు. పంజరంలో టకటకా చప్పుడొస్తే లేచి లైటేశాను. పక్కకి పడిపోయి నాలుగు కాళ్లూ సైకిల్ తొక్కినట్టు కొట్టుకుంటున్నాడు. నోట్లోంచి చొంగ. పరుపు తడిపేశాడు. ఒకటి, ఒకటిన్నర నిమిషం ఉందేమో. ఇప్పుడు కొట్టుకోవటం ఆగింది కానీ తల ఎత్తట్లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, పిలిస్తే చూపు కదలట్లేదు. అమ్మ తాళాల గుత్తి తెచ్చి కాళ్ల మధ్యలో పెడుతోంది. నాన్న వాసన చూపిద్దామని ఉల్లిపాయ కోస్తున్నాడు. డాక్టర్ ఫోన్ స్విచాఫ్. ఏం చెయ్యాలో చెప్పండి త్వరగా

మిర్చియార్డు_మావ · 2:43
పకోడీకి ఉల్లిపాయా... సారీ అమ్మా, నోరు ఊరుకోదు. ఫెర్రెట్ల గురించి నాకేం తెలీదు. తెలిసినోళ్లకి కనపడాలని పోస్టు పైకి లేపుతున్నా.

లబ్బీపేట_లత · 2:45
ఉల్లిపాయ, తాళాలు తీసెయ్యమను. ఇంట్లో తేనె ఉందా? చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్లకి అద్ది, పై పెదవి కొంచెం ఎత్తి చిగుళ్లకి రాయి. తేనె లేకపోతే పంచదార కొద్ది నీళ్లలో చిక్కగా కలిపి అదే రాయి. వేలు పెట్టకు, తెలియకుండానే కొరికేస్తాడు. నీళ్లు గానీ పాలు గానీ నోట్లో పొయ్యొద్దు, మింగే తెలివి లేదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు అది చెయ్యి, మిగతావి తర్వాత.

పటమట_పావని · 2:46
తేనె ఉంది. రాస్తున్నా

గన్నవరం_ఎద్దు · 2:49
నేను వెటర్నరీ ఆఖరు సంవత్సరం, ఇంకా డాక్టర్ని కాదు. లత గారు చెప్పింది కరెక్ట్, ఆపొద్దు. మధ్యలో వీటికి జవాబివ్వండి. ఆఖరుసారి ఎన్నింటికి తిన్నాడు? చెవులు, పాదాలు పట్టుకుంటే చల్లగా ఉన్నాయా, కాలుతున్నాయా? కరెంటు పోయిందా? బొద్దింకల మందు, ఎలుకల మందు, మనుషుల నొప్పి మాత్రలు, కుక్కలకి రాసే గోమార్ల మందు, వీటిలో ఏదైనా తగిలే వీలుందా? మళ్లీ వస్తే ఇంకొకరిని వీడియో తియ్యమనండి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, ఒకదాని నుంచి తేరుకోకుండానే ఇంకోటి వచ్చినా తెల్లారేదాకా కూర్చోవద్దు, ఏ ఆసుపత్రి తెరిచుంటే అక్కడికి బయల్దేరాల్సిందే.

కృష్ణలంక_కిట్టు · 2:50
ఇది వడదెబ్బ అండీ. రోహిణి కార్తెలో బెజవాడలో ఇంకేం ఉంటుంది. మాది పోయినేడు సరిగ్గా ఇట్లానే పడిపోయింది. తడి తువ్వాలు చుట్టండి వెంటనే.

గన్నవరం_ఎద్దు · 2:51
కిట్టు గారు ఒక్క నిమిషం. ఒళ్లు పట్టుకుని చూడకుండా తడిగుడ్డ వద్దు. ఇది రక్తంలో షుగర్ పడిపోవటమైతే ఒళ్లు అప్పటికే చల్లబడి ఉండొచ్చు.

పటమట_పావని · 2:54
పాదాలు చల్లగా ఉన్నాయి. కరెంటు ఉంది, ఏసీ 24. తిన్నది రాత్రి 8కి, అదీ సగం గిన్నె. మందులేవీ తగల్లేదు. తేనె రెండుసార్లు రాశా. నాలుక ఆడిస్తున్నాడు!!

లబ్బీపేట_లత · 2:55
హమ్మయ్య. ఇంకొక్కసారి రాసి ఆపు. పెద్ద లైటు తీసెయ్యి, ఫ్యాన్ గాలి మీద పడకుండా పలచటి గుడ్డ కప్పు, చుట్టూ దిండ్లు పెట్టు. తల నిలబెట్టి తనంతట తను నాకటం మొదలుపెట్టాక మాంసం పెట్టాలి, అంతకుముందు కాదు. ఉడికించిన చికెన్ ఉంటే గోరువెచ్చటి నీళ్లతో మెత్తగా మెదుపు. తేనెతో సరిపెట్టేస్తే గంటలో మళ్లీ మొదటికొస్తాడు.

పటమట_పావని · 3:12
లేచాడు. తాగినోడిలా తూలుతున్నాడు. చికెన్ రెండు చెంచాలు తిన్నాడు. నాన్న ముద్దు చెయ్యబోతే వేలు కొరికాడు, రక్తం వచ్చింది. అమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. నాకు చేతులు వణుకుతున్నాయి. ఇంక పడుకోనా?

లబ్బీపేట_లత · 3:14
నువ్వు పడుకోకు. పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా రెండేసి గంటలకి కొంచెం కొంచెం మాంసం పెట్టు. లేచి తిరుగుతున్నాడు కదా, తగ్గిపోయిందిలే అని వదిలెయ్యకు. మా ఫెర్రెట్ బుడ్డోడి విషయంలో నేను చేసిన తప్పు అదే. మొదటిసారి లేచి ఆడుకున్నాడని నెల రోజులు ఊరుకున్నా.

గన్నవరం_ఎద్దు · 3:16
నాన్నగారి వేలు: పంపు కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టొద్దు. పొద్దున్నే యాంటీ రేబిస్ సూదికి వెళ్లాలి. ఇంట్లో జంతువే కదా అనొద్దు. ఫిట్స్ వచ్చిన జంతువు కరిస్తే సూది వేయించుకుని తీరాలి.

బ్రాడీపేట_బాబాయ్ · ఉదయం 5:52
ఇప్పుడే లేచి చదివా. ఏందమ్మా ఈ తేనె గోల. నలభై ఏళ్ల నుంచి కుక్కల్ని సాకుతున్నా, ఇప్పటికీ ఇంట్లో మూడున్నాయి. మూర్ఛొచ్చినప్పుడు చేతిలో ఇనప ముక్క పెడితే ఆగుద్ది. మా రాజుగాడికి ఆరుసార్లు వచ్చింది, ఆరుసార్లూ తాళాలతోనే ఆగింది. మీ అమ్మ చేసింది కరెక్టు. పెద్దోళ్ల మాట ఊరికే పోదు.

గన్నవరం_ఎద్దు · 6:20
బాబాయ్, ఫిట్స్ చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగుద్ది. అందరూ కంగారుపడి, "తాళాలెక్కడ, తాళాలెక్కడ" అని అరిచి, బీరువా మీద వెతికి తెచ్చేటప్పటికి అది ఆగే టైమవుద్ది. చేసింది టైము, పేరు తాళాలకి.

బ్రాడీపేట_బాబాయ్ · 6:31
అట్టాగా. మరి మీ తేనెకీ అట్టాగే పేరొచ్చిందేమో? అదీ ఫిట్సు ఆగినాకే రాశారు గందా.

మిర్చియార్డు_మావ · 6:33
బాబాయ్ సిక్సర్.

గన్నవరం_ఎద్దు · 6:58
ఒప్పుకుంటున్నా, మంచి ప్రశ్న. ఫిట్స్ ఆపింది తేనె కాదు, అది ముందే ఆగింది. కానీ తర్వాత పది నిమిషాలు పైగా తెలివి రాలేదు, పాదాలు చల్లబడ్డాయి, తేనె రాశాక నాలుక కదిలింది. అదొక్కటే రుజువు కాదు, ఫిట్స్ తర్వాత కొంతసేపు మత్తు ఎలాగూ ఉంటుంది. రక్తంలో షుగర్ చూస్తే తేలిపోద్ది. తేడా ఏంటంటే, నా అంచనా తప్పైనా చిగుళ్లకి రాసిన రెండు చుక్కల తేనె వల్ల నష్టం లేదు. అంచనా నిజమైతే మాత్రం తాళాలతో మెదడుకి చక్కెర అందదు.

పావని గారు, కిందటి రెండు మూడు వారాల్లో వీటిలో ఏమైనా చూశారా? నడుస్తూ నడుస్తూ ఆగి గోడకేసి శూన్యంలోకి చూడటం. వెనక కాళ్లు ఈడ్చటం. ముందు పంజాతో మూతి గీక్కోవటం, చొంగ కార్చటం. పళ్లు నూరటం. నిద్ర లేపితే లేవకపోవటం.

పటమట_పావని · 7:25
అన్నీ. ఒక్కోటి చదువుతుంటే కడుపులో దేవింది. హాల్లోంచి వంటింట్లోకి వస్తూ మధ్యలో చతికిలబడి అలాగే ఉండిపోయేవాడు. టైల్స్ జారుతున్నాయేమో అనుకుని పాత బొంత పరిచాం. మూతి గీక్కుంటుంటే పళ్లలో చికెన్ పీచు ఇరుక్కుందనుకున్నాం. నాన్నయితే "వయసు మీద పడుతోందిలే, నాకూ మోకాళ్లు అలాగే ఉన్నాయి" అన్నాడు. ఇంకోటి కూడా చెప్పాలి. అమ్మ రోజూ పూజయ్యాక నాలుగు కిస్‌మిస్‌లు పెడుతుంది వాడికి. వాటికోసం గంట వినగానే పరిగెత్తుకొస్తాడు.

లబ్బీపేట_లత · 7:40
కిస్‌మిస్ ఇవాళ్టి నుంచి బంద్. గంట కొట్టుకోమను, ప్రసాదం మాత్రం కోడిముక్క.

పెరుగన్నం_పార్టీ · 8:05
లత గారూ మీరు కొంచెం ఎక్కువ చేస్తున్నారు. మా ఇంట్లో మాంసం రానివ్వం. మా ఫెర్రెట్ రెండేళ్ల నుంచి పెరుగన్నం, అరటిపండు, పిల్లుల గింజలు తింటోంది. ఒక్క రోజు జలుబు కూడా చెయ్యలేదు. ఏ జంతువైనా అలవాటుని బట్టే.

లబ్బీపేట_లత · 8:31
రెండేళ్లకే బయటపడటం అరుదండీ. ఈ షుగర్ పడిపోయే జబ్బు ఎక్కువగా మూడేళ్లు దాటాకే కనపడుతుంది. ఫెర్రెట్ పచ్చి మాంసాహారి, పిల్లికంటే కూడా. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది, పేగు అంత పొట్టి. అన్నం, పీచు అరిగించుకునే ఏర్పాటు దానికి సరిగా లేదు. మీ ఇంటి ఆచారం మీ ఇష్టం, నేనూ కార్తీకమాసం నెలంతా ముట్టను. కానీ ఆ ఆచారం దాని పొట్టకి తెలీదుగా. మాంసం వండలేని ఇంట్లో చిలకనో కుందేలునో పెంచుకోవచ్చు.

పెరుగన్నం_పార్టీ · 8:36
ఉపదేశం అడగలేదండీ.

మిర్చియార్డు_మావ · 8:38
పెరుగన్నం తినే మాంసాహారి అంటే ఎన్నికల ముందు మా వార్డు లీడరు గుర్తొచ్చాడు.

గన్నవరం_ఎద్దు · 8:55
తీపి, పిండి పదార్థాలు తినటం వల్లే ఈ జబ్బు వస్తుందని కచ్చితంగా తేలలేదు, అది అనుమానమే. అందుకని పావని వాళ్ల అమ్మగారి మీద పడకండి. కానీ జబ్బు ఉన్నాక మాత్రం తీపి పెట్టకూడదు, దాని కారణం వేరు.

విడమరచి చెప్తా. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలుంటాయి. ఫెర్రెట్లలో వయసొచ్చాక ఆ కణాలతో చిన్న చిన్న గడ్డలు లేస్తాయి, ఒక్కోటి ఆవగింజంత కూడా ఉండొచ్చు. ఇన్సులినోమా అంటారు. వీటిలో చాలా మామూలుగా కనిపించే జబ్బు. మన షుగర్ వ్యాధికి సరిగ్గా తిరగబడిన కేసు. ఇన్సులిన్ లేకపోవటం కాదు, ఆపకుండా ఊరటం. రక్తంలో ఉన్న చక్కెరంతా ఊడ్చేస్తుంది. మెదడుకి చక్కెర తప్ప వేరే ఆధారం పెద్దగా లేదు, అందుకే ముందు చూపు నిలిచిపోవటం, తర్వాత కాళ్లు, చివరికి ఫిట్స్. కిస్‌మిస్ పెడితే షుగర్ ఒక్కసారి ఎగుస్తుంది, ఆ గడ్డలు రెచ్చిపోయి ఇంకా ఇన్సులిన్ వదుల్తాయి, అరగంటలోనో గంటలోనో ముందుకంటే కిందికి పడుతుంది. అందుకే ఫిట్స్ రోజున ప్రాణం నిలబెట్టిన తేనె, మామూలు రోజున శత్రువు. తేనె తర్వాత వెంటనే మాంసం పెట్టమన్నదీ అందుకే.

బ్రాడీపేట_బాబాయ్ · 9:10
ఇది అర్థమైంది. ఇట్టా చెప్తే ఎవరైనా వింటారు.

షుగర్_సుబ్బారావు · 9:14
నాకు పద్దెనిమిదేళ్లుగా మధుమేహం. గ్లూకోమీటరు జేబులోనే ఉంటుంది. పావనమ్మా, మాది ఆటోనగర్ పక్కనే, తెచ్చివ్వనా? కాలి గోటి దగ్గర ఒక చుక్క చాలు కదా.

గన్నవరం_ఎద్దు · 9:22
మీ మనసు గొప్పది సార్, కానీ మనుషుల మీటరు ఫెర్రెట్ రక్తంలో అసలుకంటే తక్కువ చూపిస్తుంది. బాగున్న జంతువుకి కూడా 60 చూపించి భయపెట్టొచ్చు. జంతువుల కోసం చేసిన మీటర్లు వేరే ఉన్నాయి, ల్యాబులో చేయిస్తే ఇంకా నయం. మామూలుగా 90 నుంచి 120 మధ్య ఉండాలి. మూడు నాలుగు గంటలు తిండి ఆపి తీసిన రక్తంలో 70 కంటే తక్కువైతే అనుమానం, 60 కిందైతే దాదాపు అదే. ఆ తిండి ఆపటం కూడా ఇంట్లో చెయ్యొద్దు, క్లినిక్‌లో వాళ్ల కళ్లముందు. మనుషుల్లాగా రాత్రంతా పస్తు పెడితే చచ్చిపోద్ది.

షుగర్_సుబ్బారావు · 9:25
నాకేమో ఎక్కువై చస్తున్నా, దానికి తక్కువై. ఇద్దరినీ కలిపి సగం చేస్తే బాగుండు.

కృష్ణలంక_కిట్టు · 10:02
నేను రాత్రి తొందరపడ్డానేమో. ఎందుకు అలా అన్నానో చెప్తా. పోయినేడు మే నెల, మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది, ఇన్వర్టర్‌తో ఫ్యాను మాత్రమే తిరుగుతోంది. నేను బీసెంట్ రోడ్డులో షాపులో ఉన్నా. ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. మా చిన్ని పంజరంలో చాపలా పరుచుకుని ఉంది, నోరు తెరిచి ఎగశ్వాస, చిగుళ్లు ఎర్రగా, ఒళ్లు పెనంలా. భయంతో ఫ్రిజ్‌లో ఐసు నీళ్లు బకెట్లో పోసి ముంచా. దాంట్లోనే కొట్టుకుంది, అంతే. తర్వాత డాక్టరు చెప్పాడు, ఐసు నీళ్లు పోస్తే చర్మం కింద రక్తనాళాలు బిగుసుకుపోయి లోపలి వేడి బయటికి రాదు, మామూలు కుళాయి నీళ్లతో పాదాలు, పొట్ట తడిపి ఫ్యాన్ పెట్టి తేవాల్సింది అని. వీటికి చెమట పట్టదు, గదిలో 30 డిగ్రీలు దాటితేనే కష్టం. మనూర్లో ఎండాకాలం ఒక్కోసారి అర్ధరాత్రి కూడా 30 ఉంటుంది. అప్పటినుంచి ఎవరికి ఏం జరిగినా నాకు వడదెబ్బే కనపడుతోంది.

లబ్బీపేట_లత · 10:10
అయ్యో కిట్టు. ఇది ఎప్పుడూ చెప్పలేదేం.

కృష్ణలంక_కిట్టు · 10:12
ఏం చెప్తాం అక్కా. పంజరం ఇంకా బాల్కనీలోనే ఉంది.

కొత్తపేట_కెమిస్ట్ · 10:40
[ఈ పోస్టు తొలగించబడింది]

అడ్మిన్ · 10:47
ఫిట్స్ మందుల మోతాదులు ఎవరూ రాయొద్దు. మనుషుల మాత్ర నాలుగు ముక్కలు చేసి వెయ్యండి లాంటి సలహాలు ఇక్కడ నడవవు. కిలో బరువున్న ప్రాణి అది.

పటమట_పావని · సాయంత్రం 4:35
ఇప్పుడే ఇంటికొచ్చాం. వరసగా చెప్తా.

మొదట వెళ్లిన క్లినిక్‌లో రిసెప్షన్ అబ్బాయి బుట్టలోకి చూసి "మేడం ముంగిసని పెంచకూడదు, ఫారెస్టోళ్లు కేసు పెడతారు" అన్నాడు. ఇది ముంగిస కాదు, ఫెర్రెట్ అంటే వినడే. లోపలి నుంచి డాక్టర్ వచ్చి కుక్కలు, పిల్లులు తప్ప చూడం అన్నారు. కోపం రాలేదు, తెలీకుండా ప్రయోగం చెయ్యనందుకు మంచిదే అనుకున్నా.

రెండో చోట ఒక మేడం ఉన్నారు, కుందేళ్లు, చిలకలు కూడా చూస్తారట. నేను తీసిన వీడియో చూపించా (పొద్దున 6కి తింటూ మధ్యలో బొమ్మలా ఆగిపోయినప్పుడు తీశా). అది చూసి వెంటనే చేర్చుకున్నారు. మూడు గంటలు తిండి లేకుండా పక్కన కూర్చోబెట్టి రక్తం తీశారు. 46. నంబరు చూడగానే ఆవిడే చికెన్ పేస్టు తెచ్చి తినిపించారు. ఇన్సులిన్ ఎంతుందో చూడటానికి ఇంకో ట్యూబు వేరే ఊరు పంపారు. స్కానింగ్ చేస్తే గడ్డ కనపడుతుందా అంటే, చాలాసార్లు అంత చిన్నవి స్కాన్‌లో దొరకవు అన్నారు. ప్రెడ్నిసొలోన్ అని స్టెరాయిడ్ మందు మొదలుపెట్టారు, రోజుకి రెండుసార్లు. సొంతంగా ఆపొద్దని మూడుసార్లు చెప్పారు. ఆపరేషన్ కూడా ఒక దారి అన్నారు కానీ ముందు మందుతో చూద్దామన్నారు.

నాన్న సూది కథ వేరే. చీటీ రాసే ఆయన "ఏం కరిచింది?" "ఫెర్రెట్." "అంటే?" "ఫెర్రెట్ అండీ." పక్కనాయన్ని అడిగాడు. ఆయనకీ తెలీదు. చివరికి "పెంపుడు ఎలక" అని రాశారు. నాన్న బాగా ఫీలయ్యాడు.

మిర్చియార్డు_మావ · 4:41
పెంపుడు ఎలక కరిచిన కేసు 😂 పకోడీ వింటే ఇంకోసారి కరుస్తాడు.

గన్నవరం_ఎద్దు · 4:58
46తో ఇంకా నిలబడి ఉన్నాడంటే గట్టి ప్రాణం. మేడం చేసింది పద్ధతి ప్రకారం ఉంది. ప్రెడ్నిసొలోన్ గడ్డని కరిగించదు, కాలేయం చేత చక్కెర ఎక్కువ తయారు చేయించి పైకి ఉంచుతుంది, అంతే. అందుకని కొన్ని నెలలకి మోతాదు పెంచాల్సి రావొచ్చు, అప్పుడు భయపడకండి. పిల్లల సిరప్ రాసిస్తే అందులో తీపి ఎంతుందో ఒకసారి మేడంనే అడగండి. నాన్నగారికి 0, 3, 7, 28 రోజుల్లో సూదులు, మధ్యలో మానకూడదు. పకోడీని కూడా పది రోజులు గమనించండి.

ముంగిస సంగతి: రిసెప్షన్ అబ్బాయి చెప్పింది ముంగిస వరకు నిజమే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో పెట్టుకోవటం నేరం. ఫెర్రెట్ అడవి జంతువు కాదు, రెండు వేల ఏళ్లకి పైగా మనుషుల దగ్గర పెరిగింది. కొన్నప్పటి రసీదు, టీకా కార్డు ఫోన్‌లో పెట్టుకుని తిరగండి.

బ్రాడీపేట_బాబాయ్ · 5:20
ఆపరేషన్ చేయిస్తే మొత్తం పోద్దా?

లబ్బీపేట_లత · 6:02
మా బుడ్డోడికి చేయించాం బాబాయ్, హైదరాబాద్ తీసుకెళ్లి. కనిపించిన రెండు గడ్డలు తీసేశారు. ఏడాది పాటు మందు లేకుండా పరుగులు పెట్టాడు. తర్వాత మళ్లీ వచ్చింది, కంటికి కనపడనివి లోపల మిగిలిపోతాయట. రెండోసారి కోయించలేదు. ఆరో ఏట పోయాడు. ఆ ఏడాది కోసం మళ్లీ చేయించనా అంటే చేయిస్తా. కానీ నీ కేసులో నేను చెప్పను పావనీ, ఖర్చు, మత్తు ప్రమాదం, ప్రయాణం, అన్నీ నువ్వు చూసుకోవాలి.

ఇంట్లో చేసుకోవాల్సినవి చెప్తా, ఇవి మాత్రం అనుభవం. పగలు నాలుగు గంటలకి మించి పొట్ట ఖాళీగా ఉండకూడదు. రాత్రి పడుకోబోయే ముందు ఒకటి, మూడింటికి ఒకటి. పంజరంలో ఎత్తు అరలు తీసెయ్యి, పైనుంచి పడితే నడుం విరుగుద్ది. దూదిపుల్లలు, చిన్న తేనె సీసా పంజరానికే కట్టిపెట్టు, అర్ధరాత్రి వంటింట్లో వెతుక్కోకుండా. చక్కెర లేని తీపి అని అమ్మే జైలిటాల్ సరుకు మాత్రం దగ్గరికి రానివ్వకు, కుక్కలకి అది విషం, వీటికీ పెట్టొద్దనే చెప్తారు. స్నానం చేయించి, చుట్టాల పిల్లల చేత ఆడించి అలిసిపోయేలా చేస్తే ఆ రోజు షుగర్ పడిపోవచ్చు.

మంగళగిరి_మగ్గం · మర్నాడు ఉదయం 11:15
మాది తొమ్మిది నెలల ఆడపిల్ల. మొన్న ఒకసారి వణికి పడిపోయింది. దీనికీ ఇదేనా? తేనె రాయనా?

గన్నవరం_ఎద్దు · 11:32
తెలివి లేకుండా పడిపోతే రాయొచ్చు, కానీ తొమ్మిది నెలల పిల్లకి ఇన్సులినోమా అనుకోవటం కష్టం. ఆ వయసులో ముందు విషం, దెబ్బ, ఏదైనా రబ్బరు ముక్క మింగటం, డిస్టెంపర్ (కుక్కలకి వచ్చే వైరస్ జబ్బు, వీటికీ వస్తుంది) చూడాలి. డిస్టెంపర్ టీకా వేయించారా? ముక్కు, కళ్ల వెంట చీము లాంటిది, గడ్డం కింద ఎర్రటి పొక్కులు, అరికాళ్లు గట్టిపడటం ఉందా? వీధి కుక్కల నుంచి మన చెప్పుల మీదుగా కూడా ఇంట్లోకి రావొచ్చు, ఫెర్రెట్లకి వస్తే దాదాపు బతకవు. కుక్కల టీకాలు అన్నీ వీటికి సరిపడవు, కొన్నిటితో జబ్బే వస్తుంది, కాబట్టి మందుల షాపులో కొని వేయించొద్దు. ఇవాళే తీసుకెళ్లండి, సాయంత్రం దాకా ఆగొద్దు.

మంగళగిరి_మగ్గం · 11:36
టీకా వెయ్యలేదు. బయల్దేరుతున్నాం.

పెరుగన్నం_పార్టీ · మధ్యాహ్నం 1:20
నిన్న కోపంలో రాశాను. మాది కూడా మూడో ఏడు నిండబోతోంది. పక్కింటి వాళ్ల వంటింట్లో ఉడికించి ఇస్తామన్నారు. మా ఆవిడకి తెలీకుండా డాబా మీద పెడుతున్నా. మొదట మూతి తిప్పింది.

లబ్బీపేట_లత · 1:24
పాత తిండిలో కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజులు మార్చండి, ఒకేసారి మారిస్తే తినటం మానేస్తాయి. మూతి తిప్పడం మామూలే. నిన్న కుందేలు పెంచుకోండి అన్నందుకు నేనూ సారీ.

మిర్చియార్డు_మావ · 1:27
డాబా మీద దొంగచాటు కోడికూర. మా నాన్నా ఇలాగే మొదలెట్టాడు.

పటమట_పావని · మూడు వారాల తర్వాత, రాత్రి 9:48
అడిగినవాళ్ల కోసం. ఇన్సులిన్ రిపోర్టు వచ్చింది, ఎక్కువగానే ఉంది, మేడం అనుకున్నదే. మొన్నటి రక్తంలో షుగర్ 81. మళ్లీ ఫిట్స్ రాలేదు. ఒకరోజు గుడికెళ్లి ఆలస్యమై అయిదున్నర గంటలు తిండి పడలేదు, వచ్చేసరికి మూతి గీక్కుంటూ చొంగ కారుస్తున్నాడు. గిన్నె పెట్టగానే తిని సర్దుకున్నాడు. మూడింటి అలారం నాకోసం పెట్టుకుంటే అమ్మ లేస్తోంది, నేను లేవట్లేదు. నాన్నకి ఆఖరు సూది ఇంకో వారంలో. మంగళగిరి వాళ్లు ఎలా ఉన్నారో చెప్పలేదు, చూస్తే రాయండి.

తాళాల సంగతి కూడా. అమ్మ నా మాట వినకుండా ఆ గుత్తిని పంజరం తలుపుకి దారంతో కట్టింది, ఉంటే పోయేదేముంది అని. బాబాయ్ సంతోషించండి. ఇవాళ పొద్దున దారం కొరికేసి ఉంది, గుత్తి లేదు. బీరువా తాళం దాంట్లోనే ఉంది. నాన్న ప్యాంటూ చొక్కా బీరువాలోనే ఉన్నాయి, లుంగీతో కూర్చున్నాడు.

బ్రాడీపేట_బాబాయ్ · 9:55
నే చెప్పలా, ఇనుం పని చేస్తదని. చూడు ఎంత హుషారొచ్చిందో.

లబ్బీపేట_లత · 9:57
సోఫా కింద గుడ్డ చిరిగి ఉంటుంది, దాంట్లో చెయ్యి పెట్టి చూడు. మా బుడ్డోడు పోయిన ఏడాదికి నా కమ్మ ఒకటి అక్కడే దొరికింది.

పటమట_పావని · 10:16
దొరికింది. తాళాలు, రెండు సాక్సులు, టీవీ రిమోట్ మూత, ఏడు కిస్‌మిస్‌లు.